మూడంగుళాలు కుంగిన బండి

ఆ ఆదివారం మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి పికప్ బండి ముందు చక్రాలు విప్పడం, తొమ్మిదింటికల్లా కొత్త స్ప్రింగులు బిగించడం, తొమ్మిదిన్నరకు చేతులు కడుక్కోవడం, పదింటికి రెండోసారి కాఫీ తాగడం. ఈ నాలుగింటిలో అనుకున్న వేళకు జరిగింది మొదటిదొక్కటే.

మాస్టారు ఎవరని మీరు అడగకపోయినా చెప్పాలి. సాంకేతిక కళాశాలలో పిల్లలకు ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతారు. ఈ కథ చెబుతున్నవాడికి బాగా దగ్గరివాడు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే కళ్ళజోడు పెట్టుకుంటాం, ఒకే ఇల్లాలి చేత చివాట్లు తింటాం. జరిగిందంతా 'నేను, నేను' అని చెప్పుకునేంత ధైర్యం లేక 'మాస్టారు' అంటున్నాను. కాస్త గౌరవంగానూ ఉంటుంది. ఆ రోజు మొత్తం మీద ఆయనకు దక్కిన గౌరవం కూడా అదే.

బండి అసలు మామగారిది. ఇరవై ఏళ్ళు సరుకులు తోలి, మోకాళ్ళు మొరాయించాక కూతురికి ఇచ్చేశారు. ఆవిడ ఊరి చివర మొక్కల నర్సరీ నడుపుతుంది. పొడుగు మొక్కలు గాలికి విరగకుండా ఆనించుకోవడానికి మామగారు తన చేత్తో క్యాబిన్ మీద ఇనప చట్రం ఒకటి వెల్డింగ్ చేశారు. ఇంటి పక్క షెడ్డు గుమ్మంలోంచి బండి వచ్చేటప్పుడు ఆ చట్రానికీ పైదూలానికీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండేది. ఆ రెండు వేళ్ళ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, మాస్టారికి తప్ప.

మాస్టారికి తెలిసిన సంగతి వేరే. రోజంతా ఆ బండి తోలి సాయంత్రం ఇంటికొచ్చాక ఆవిడ గోడకు నడుము ఆనించి ఐదు నిమిషాలు నిలబడేది. గుంతలో పడ్డ ప్రతి కుదుపూ నేరుగా వెన్నుకే తగులుతోందని చూస్తేనే తెలిసేది. ఒక్క మాట అనేది కాదు. ఆ అనకపోవడమే మాస్టారిని ఎక్కువ బాధపెట్టేది. వ్యాపారమంతా ఆవిడే చూసుకుంటోంది, ఈ బండి ఒక్కటైనా మనం చూసుకోకపోతే ఎందుకు అనుకున్నారు.

అందుకని రెండు వారాల క్రితం షెడ్డులో బండి వెనక తొట్టి అంచు మీద, సమంగా ఉందో లేదో చెప్పే రసమట్టం పెట్టి చూశారు. లోపలి బుడగ వెనక్కి పరుగెత్తింది. లెక్క కడితే బండి ముందు భాగం మూడంగుళాలు కుంగినట్టు తేలింది. రోగం దొరికినందుకు మాస్టారికి కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. పాత స్ప్రింగుల కంటే ఎత్తూ, గట్టితనమూ ఉన్నవి రెండు, వాటికి తోడు కుదుపును మింగే షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్షులు తెచ్చి, గోనెసంచిలో చుట్టి మంచం కింద దాచారు. భార్యను ఆశ్చర్యపరచాలని ఆయన ఉద్దేశం. ఆ విషయంలో మాత్రం పూర్తిగా నెగ్గారు.

ఆ ఆదివారమే ఆవిడ జీవితంలోకెల్లా పెద్ద ఆర్డరు. కొత్తగా కట్టిన ఆస్పత్రికి అరవై కుండీలు నాలుగింటికల్లా చేర్చాలి. నచ్చితే ఏడాది పొడుగునా మొక్కలు అక్కడికే. ఆరింటికే స్కూటరెక్కుతూ మాస్టారికి పని అప్పగించింది.

"బండి కాస్త కడిగి, గాలి చూసి ఉంచండి. మూడింటికి వచ్చి తీసుకెళ్తాను. ఇంకేం చేయకండి."

చివరి మాటను మాస్టారు మర్యాదకు అన్నదిగా తీసుకున్నారు.

ఏడింటికి చక్రాలు ఊడాయి. ఏడుంబావుకు కింది బోల్టు దగ్గర పని ఆగింది. ఏళ్ళ తరబడి పట్టిన తుప్పు దాన్ని, నట్టును కలిపి ఒకే ముద్ద చేసింది. నూనె పోశారు, సుత్తితో తట్టారు, నచ్చజెప్పారు. చివరికి పానా పిడికి మూరెడు ఇనప గొట్టం తొడిగి, కాలు గోడకు తన్నిపెట్టి లాగారు. తేలిగ్గా వచ్చేసింది. నట్టు కాదు, బోల్టు తల.

అప్పుడే ఫోను మోగింది.

"బండి కడిగారా?" అంది ఆవిడ.

మాస్టారు నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. కళ్ళజోడు మీద గ్రీజు, చేతిలో బోల్టు తల. "ఆ, కడిగేశాను. ఆరుతోంది."

"అంత తొందరగా అయిపోయిందా? మంచిపని చేశారు. ఆస్పత్రి మేనేజరు ఇందాకే ఫోన్ చేశాడు. వాళ్ళ యజమాని మూడింటికి వస్తాడట, ఆలోపే తెస్తారా అన్నాడు. మీరు చెప్పకుండా ఎలా మాటిస్తానని ఆగాను. ఇప్పుడు ఒప్పేసుకుంటాను. ఒంటిగంటకి వచ్చేస్తా."

మంచిపని చేశారు అన్న మాట ఆవిడ నోటి నుంచి విని చాలాకాలమైంది. దాన్ని ఆ క్షణంలో వెనక్కి ఇచ్చేయడానికి మాస్టారికి మనసొప్పలేదు. అలా చేతిలో ఉన్న వ్యవధిలో రెండు గంటలు పోయాయి.

వీధి చివర మెకానిక్ షెడ్డు ఉంది. మెకానిక్‌ను అందరూ గ్రీజు బాబాయ్ అంటారు. అసలే మాస్టారంటే అతనికి గౌరవం, పెద్ద చదువు చదివారని. ఆ గౌరవాన్ని కాపాడుకోవడానికి మాస్టారు దారిలోనే ఒక స్నేహితుణ్ణి పుట్టించారు.

"బాబాయ్, నాకో స్నేహితుడున్నాడు. పాత పికప్‌కి ముందు స్ప్రింగులు తీసి ఎత్తువి వేస్తున్నాడు. కింది బోల్టు విరిగిందట."

"నూనె పోశాడా?"

"పోశాడు."

"పోశాక ఎంతసేపు ఆగాడు?"

మాస్టారు ఆలోచించారు. "ఆగినట్టు లేడు."

"గొట్టం తొడిగి లాగుంటాడు."

"లాగాడు."

"చదువుకున్నవాడా?"

"కొంచెం."

"అదీ సంగతి. చదువు లేనివాడైతే భయపడి ఆగేవాడు." బాబాయ్ డబ్బాలో వెతికి కొత్త బోల్టు తీశాడు. విరిగిన ముక్కను ఎలా కొట్టి బయటికి తీయాలో చెప్పి, దానికో పెద్ద సుత్తీ ఇచ్చాడు. స్ప్రింగును నొక్కిపట్టే బిగింపు కూడా ఇచ్చాడు. "ఇది లేకుండా స్ప్రింగు జోలికెళ్తే ఎగిరి మొహం మీద పడుతుంది. మీ స్నేహితుడికి మొహం అక్కర్లేదంటే సరే. ఇంతకీ పాత బండికి ఎత్తు స్ప్రింగులెందుకట?"

"ముందు మూడంగుళాలు కుంగింది. కొలిచాడు."

"ఎక్కడ నిలబెట్టి కొలిచాడు?"

మాస్టారికి తొందరగా ఉంది. "మంచి చోటే అయ్యుంటుంది బాబాయ్" అని సామాను చంకన పెట్టుకుని బయటపడ్డారు. తనని తాను అంతసేపు తిట్టించుకుని, ప్రతి తిట్టుకూ తలూపి వచ్చినందుకు దారంతా వింతగా అనిపించింది.

పదిన్నరకు మామగారు వచ్చారు. ఆదివారాలు పేపరు పట్టుకుని రావడం ఆయనకు అలవాటు. షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక స్ప్రింగు అప్పటికే లోపలికెళ్ళి కనబడకుండా ఉంది. రెండోదాని మీద మాస్టారు తువ్వాలు కప్పేశారు.

"ఏం చేస్తున్నారు అల్లుడుగారూ?"

"గ్రీజు పెడుతున్నాను మామగారూ."

"గ్రీజుకు చక్రాలు విప్పాలా?"

"శుభ్రంగా పెడదామని."

మామగారు పేపరు మడిచారు. ఇరవై ఏళ్ళు బండి తోలిన మనిషి, గ్రీజు ఎక్కడ పెడతారో ఆయనకు తెలుసు. కానీ అల్లుణ్ణి పట్టుకుని అబద్ధమాడారనడం ఆయన పద్ధతి కాదు. మెల్లిగా లేచి వీధిలోకి నడిచి, గ్రీజు బాబాయ్‌కి ఫోన్ చేశారు. "మా అల్లుడుగారు బండికి గ్రీజు పెడుతున్నారు. నాకెందుకో భయంగా ఉంది. ఒకసారి వచ్చి వెళ్ళు."

బాబాయ్ వచ్చేసరికి పదకొండూ ముప్పావు. ఆఖరి నట్టు బిగుసుకుంటోంది. తన బిగింపునూ, తనిచ్చిన బోల్టునూ, తన సుత్తినీ వరుసగా చూశాడు.

"మీ స్నేహితుడు ఏడండీ?" అన్నాడు బాబాయ్.

"ఇప్పుడే ఇంటికెళ్ళాడు."

బాబాయ్ వంగి, రెండు వైపులా చూసి, చేత్తో ఊపి చూశాడు. "మళ్ళీ కనబడితే చెప్పండి. బిగించడం మాత్రం బాగానే బిగించాడు."

మాస్టారు ఆ మాటకు కరిగిపోయారు. చక్రాలు తొడిగి, జాకీ దించి, అందరూ చూస్తుండగా తొట్టి అంచు మీద రసమట్టం పెట్టారు. బుడగ సరిగ్గా నడుమకు వచ్చి నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు. "చూశారా" అన్నారు. మామగారు చూశారు, బాబాయ్ చూశాడు. బండి కూడా తలెత్తుకుని చూస్తున్నట్టే ఉంది. తాళం తిప్పి, బండిని గుమ్మం వైపు పోనిచ్చారు.

ధన్‌మని చప్పుడైంది. పైన దూలం నుంచి సిమెంటు పెళ్ళ ఒకటి ఊడి బానెట్ మీద పడింది. ఇనప చట్రం దూలానికి గుద్దుకుని ఆగింది. రెండు వేళ్ళ సందు ఉండాల్సిన చోట ఇప్పుడు వేలెడు ఇనుము ఎక్కువగా ఉంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బండి బాగైంది, బయటికే రాదు.

ముందు టైర్లలో గాలి తీశారు. కొంచెం దిగింది, చాలలేదు. బరువు పెడితే దిగుతుందని మామగారూ, బాబాయ్, పిలవకపోయినా వచ్చిన ఎదురింటి దర్జీ క్యాబిన్‌లో ఇరుక్కుని కూర్చున్నారు. మాస్టారు ముందు బంపరు పట్టుకుని వేలాడారు. నలుగురూ ఊపిరి బిగబట్టారు. స్ప్రింగులు చలించలేదు. గట్టివని అమ్మినవాడు నిజమే చెప్పాడు.

"గ్యాస్ కట్టర్ తెస్తాను, చట్రం కోసేద్దాం" అన్నాడు బాబాయ్.

"అది మా అమ్మాయి కోసం నేను చేసిందయ్యా" అన్నారు మామగారు, క్యాబిన్‌లోంచి దిగకుండానే. "అది లేకపోతే ఆ పొడుగు మొక్కలు ఆస్పత్రి దాకా నిలబడతాయా? కోయాలంటే దూలం కోసుకోండి."

"దూలం కోస్తే కప్పు దిగుతుంది. స్ప్రింగులు మళ్ళీ విప్పాలంటే మూడు గంటలు." బాబాయ్ గుమ్మం దగ్గర నేలను కాలితో తట్టాడు. "చక్రాలు పోయే మేర ఈ సిమెంటు నాలుగంగుళాలు తవ్వేస్తే సరి. పక్క వీధిలో తాపీ మేస్త్రి పని చేస్తున్నాడు, పిలుస్తాను."

మేస్త్రి పది నిమిషాల్లో వచ్చాడు. అతన్ని చూడగానే మాస్టారు చూపు తిప్పుకున్నారు. పదకొండేళ్ళ క్రితం ఈ షెడ్డుకు నేల వేయడానికి పిలిచింది ఇతన్నే. అప్పుడతను సంచీలోంచి నీళ్ళు నింపిన సన్న గొట్టం తీసి మట్టం చూడబోతే, "ఇదంతా పాత పద్ధతి, నేను లెక్క కట్టుకుంటాను" అని మాస్టారు పంపేశారు. తర్వాత మూడు రోజులు తానే మోకాళ్ళ మీద కూర్చుని నేల వేశారు.

"బాగున్నారా మాస్టారూ" అన్నాడు మేస్త్రి, మనసులో ఏమీ పెట్టుకోకుండా. "బండిని ఎందుకు లేపారు?"

"ముందు కుంగింది మేస్త్రీ. రసమట్టం పెట్టి చూశాను."

"నేల మీద పెట్టారా?"

మాస్టారు రసమట్టాన్ని నేల మీద పెట్టారు. బుడగ వెనక్కి పరుగెత్తింది, బండి మీద పరుగెత్తినంత దూరమూ. "ఇది పాడైనట్టుంది" అన్నారు ఆయన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. పట్టుకున్న కుందేటికి మూడే కాళ్ళని రసమట్టం పట్టుకుని బయల్దేరారు. ఎదురింటి మెట్టు మీద పెట్టారు, సమంగా ఉంది. దర్జీ కుట్టు మిషను బల్ల మీద పెట్టారు, సమంగా ఉంది. సొంత వంటింటి గట్టు మీద పెట్టారు, దాన్ని వేరే మేస్త్రి కట్టాడు కాబట్టి అదీ సమంగానే ఉంది. చూసిన చోటల్లా అన్నీ సరిగ్గా ఉన్నాయి, మాస్టారు కట్టింది తప్ప.

తిరిగొచ్చేసరికి మేస్త్రి నీళ్ళ గొట్టం పట్టి చూసేశాడు. బండి నిలబడే మేర గుమ్మం వైపుకు మూడంగుళాల వాలు. బండి పుట్టినప్పటి నుంచి ఎలా ఉందో అలాగే ఉంది. కుంగింది మాస్టారి నేల. గీత గీసే ముందు కింది గీత సరిగా ఉందో లేదో చూసుకోండి అని మొదటి ఏడాది పిల్లలకు మొదటి రోజు చెబుతారు ఈయన. పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నారు. పిల్లలు రాసుకుంటారు కూడా.

ఒంటిగంటకు ఆవిడ స్కూటరు ఆగింది. గుమ్మంలో ఇరుక్కున్న బండి, అందులో తండ్రి, పక్కన సుత్తీ ఉలీ పట్టుకున్న మేస్త్రి, నేల మీద గొంతుక్కూర్చున్న భర్త. అందరినీ ఒకసారి చూసింది.

"కడిగింది ఆరిందా?" అంది.

మాస్టారు లేచి నిలబడ్డారు. ఇక కొత్త అబద్ధం పుట్టించే ఓపిక లేదు. "కడగలేదు. స్ప్రింగులు మార్చాను. నీ నడుము నొప్పి చూడలేక. ముందు కుంగిందనుకున్నాను. కుంగలేదట. షెడ్డే వాలుగా ఉందట."

"అవును కదా" అంది ఆవిడ.

"నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు. షెడ్డులో ఆ అలమార కాళ్ళ కింద చెక్కముక్కలు ఎందుకున్నాయనుకున్నారు? పదకొండేళ్ళ నుంచి పెడుతున్నాను."

"మరి చెప్పలేదేం?"

"మూడు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని వేశారు. చర్మం లేచిపోయింది. అయ్యాక నన్ను పిలిచి, చూడు ఎంత సమంగా వచ్చిందో అన్నారు. అప్పుడేమని చెప్పను?"

మాస్టారికి సిగ్గేసింది. ఆ సిగ్గు కిందనే, కలగకూడని వేళలో, చాలా సంతోషం కూడా వేసింది. పదకొండేళ్ళపాటు తన తప్పు కింద ఒకరు చెక్కముక్కలు పెడుతూ వచ్చారని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"సిగ్గుపడ్డం తర్వాత" అంది ఆవిడ భర్తతో. "ముందు తవ్వండి" అంది మేస్త్రితో. "మూడింటికి మాటిచ్చాను."

తాను పరిచిన సిమెంటును తానే పగలగొట్టడంలో మాస్టారు కూడా ఒక చెయ్యి వేశారు. సిమెంటు మాత్రం చాలా గట్టిగా వేశారని మేస్త్రి మెచ్చుకున్నాడు. రెండింటికి పది నిమిషాలుండగా బండి వీధిలో పడింది. ముక్కు పైకెత్తి, ఎవరితోనూ మాట్లాడనని అలిగినట్టు నిలబడింది. దర్జీ నవ్వాడు. టైర్లకు గాలి కొట్టి, నర్సరీకి పోయి, చేతులన్నీ కలిసి అరవై కుండీలూ ఎక్కించేసరికి రెండున్నర. పొడుగు మొక్కలను చట్రానికి తాళ్ళతో కట్టారు. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన మాస్టారు.

నర్సరీ నుంచి ఆస్పత్రికి ఆరు స్పీడు బ్రేకర్లు. మొదటిది రాగానే ఆవిడ అలవాటుగా పళ్ళు బిగించింది. కొత్త స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ కలిసి కుదుపును మింగేశాయి, బండి మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. రెండోది దాటాక ఒకసారి మాస్టారి వైపు చూసింది.

"ఇంకోటి రానివ్వండి" అంది.

మూడోదాన్ని కావాలనే కొంచెం వేగంగా ఎక్కించింది. వెనక ఒక్క కుండీ ఒరగలేదు. ఆవిడ వీపు సీటుకు హాయిగా ఆని ఉంది. నాలుగో స్పీడు బ్రేకరు దగ్గర ఆవిడ నవ్వడం మాస్టారు చూశారు. తల బయటికి తిప్పుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గ్రీజు ఇంకా ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు.

మూడింటికి ఐదు నిమిషాలుండగా అరవయ్యో కుండీ ఆస్పత్రి వరండాలో దిగింది. మేనేజరు ఆకులు తడిమి చూసి, ఒక్కటీ విరగలేదే అన్నాడు. ఏడాదికి రాసుకుంటామని చెప్పి లోపలికెళ్ళాడు. ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని, చాలాసేపు ఊరికే ఆ మొక్కల వైపు చూసింది.

మర్నాడు మాస్టారు నిజాయితీగా పాత స్ప్రింగులు బయటికి తీశారు. "బండికి అసలు ఏ రోగమూ లేదు కదా. మళ్ళీ ఇవే వేసేస్తాను."

"వాటిని ముట్టుకున్నారంటే ఊరుకోను" అంది ఆవిడ. "ఈ బండిలో మొదటిసారి నడుము నొప్పి లేకుండా ఇంటికొచ్చాను. మీరు తప్పు లెక్క కట్టి ఒప్పు పని చేశారు. అలా వదిలేయండి. చేతనైతే ఆ నేల సంగతి చూడండి."

మాస్టారు నేల సంగతి చూశారు. మేస్త్రినే పిలిపించి, తాను నీళ్ళ గొట్టం రెండో చివర పట్టుకుని కూలివాడిలా నిలబడ్డారు. "ఈసారి చుక్క నీళ్ళు పోసినా పక్కకు పారకూడదు" అని పదిసార్లు చెప్పారు. మేస్త్రి పల్లంగా ఉన్న గుమ్మం వైపును మూడంగుళాలు లేపి, నేలంతా అద్దంలా సమం చేశాడు. వారం రోజులు తడిపి, ఎనిమిదో రోజు ఆవిడ బండిని షెడ్డులోకి వెనక్కి పోనిచ్చింది. లేచిన నేల మీద చట్రం మళ్ళీ దూలానికి తగిలి ఆగింది. ఈసారి తవ్వడానికి ఎవరికీ మనసు రాలేదు.

"సమంగా వేయమన్నారు, వేశాను" అన్నాడు మేస్త్రి. "బండి పట్టాలని మీరు చెప్పలేదు మాస్టారూ."

ఇప్పుడు నేల సమంగా ఉంది, బండి సుఖంగా ఉంది, షెడ్డు ఖాళీగా ఉంది.